గరాజు అరుగును వెచ్చగా ఉంచుకొందము: ఉత్తర అమెరికా తెలుగు సంఘముల కార్యవర్గములకు బహిరంగలేఖ

మిన్నియాపొలిస్,
కార్తికమాసము.

మహాశయులారా,

ఉగాదికి పంచాంగశ్రవణమును, సంక్రాంతికి ముగ్గుల పోటీలను, దీపావళికి నాట్యప్రదర్శనములను ఏర్పరచి, పుట్టిన గడ్డకు వేలమైళ్ల దూరమున నివసించుచున్న మాకు ఏటేట పండుగలను పంచిపెట్టుచున్న మీ సేవను కృతజ్ఞతతో స్మరించుచు, పండుగలతో గాని సాహిత్యముతో గాని సంబంధములేని ఒక సామాన్యవిషయమును మీ ముందుంచుటకు ఈ లేఖ వ్రాయుచున్నాను. శీతకాలములో ఇంటి గరాజును తక్కువ ఖర్చుతో, ప్రాణభయము లేకుండ వెచ్చగా ఉంచుకొనుట యెట్లన్నదే ఆ విషయము. సంఘములు పూనుకొనదగిన పనియా ఇది యని మీలో కొందరికి తోచవచ్చును. పూనుకొనదగినదే యని నా విశ్వాసము; ఎందువలననో చెప్పుటకు ముందుగా మన యిండ్లలో గరాజున కున్న స్థానమును మీకు జ్ఞాపకము చేయవలసియున్నది.

కారును నిలుపుటకై కట్టిన ఆ గది తెలుగువారి యిండ్లలో కారుకంటె మనుష్యులకే ఎక్కువగా ఉపయోగపడుచున్నది. ఇంగువ పోపు ఘాటు, వేపుళ్ల వాసన చలికోట్లకును తివాచీలకును పట్టకుండుటకై రెండవ పొయ్యిని అక్కడ అమర్చుకొన్న గృహిణులు ప్రతి నగరమునందును కలరు. అరిసెల పాకము ముదురుట, జంతికల గొట్టము తిరుగుట, వినాయకచవితికి పిల్లలు మట్టిముద్దకు తొండము తీర్చుట, ఇవన్నియు అక్కడనే జరుగును. కరివేపాకును గోంగూరయు దాచిన రెండవ ఫ్రిజ్జు అక్కడనే యుండును. అన్నిటికిని మించి, ఆరునెలలకని వచ్చిన మన తల్లిదండ్రులకు ఆ గదియే అరుగు. కొడుకును కోడలును ఉద్యోగములకు, మనుమలు బడికి వెడలిన పిమ్మట, పలుకరించు మనిషి లేని పగటిపూట, గరాజు తలుపు పైకెత్తించుకొని, ఒక కుర్చీ వేసికొని, కుక్కను నడిపించుకొనిపోవు పొరుగువారిని, ఉత్తరముల బండిని, పిల్లలను దింపు పసుపుపచ్చని బస్సును చూచుచు కూర్చుండు పెద్దలను మీరందరును చూచియే యుందురు. ఆ అరుగు నవంబరులో మూతపడెనా, మరల ఏప్రిలులో గాని తెరచుకొనదు.

ఇచ్చటి చలి సామాన్యమైనది కాదు. మిన్నియాపొలిస్ నగరములో జనవరి మాసపు సగటు ఉష్ణోగ్రతయే ఇంచుమించు 16 ఫారన్‌హీట్ డిగ్రీలు, అనగా సెంటీగ్రేడులో సున్నకు 9 డిగ్రీలు దిగువ. 2019 జనవరి 30వ తేదీన ఈ నగరమున ఫారన్‌హీట్ సున్నకు 28 డిగ్రీలు, చికాగోలో 23 డిగ్రీలు దిగువకు పాదరసము పడిపోయినది. సున్న డిగ్రీల ఫారన్‌హీట్ చలిలో కారు బ్యాటరీ తన శక్తిలో సగమునకు పైగా కోల్పోవును. నీటితో కలిపిన రంగు డబ్బాలు గడ్డకట్టి పనికిరాకుండ పోవును. గరాజులోని ఫ్రిజ్జు, మామూలు అర చల్లగానే ఉన్నదని భ్రమించి తన యంత్రమును నడుపుట మానగా, గడ్డకట్టి యుండవలసిన పదార్థములు వేడి తగిలిన దినమున కరగిపోవును. వస్తువులకే ఇన్ని యిక్కట్లున్నప్పుడు, కృష్ణాతీరముననో గోదావరి లంకలలోనో డెబ్బదియేండ్లు ఎండను అనుభవించి వచ్చిన శరీరములకు ఇక్కడి చలి ఎట్లుండునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ విషయమును గూర్చి నేనింత పట్టుదలతో వ్రాయుటకు స్వానుభవ మొకటి కారణము. మా అమ్మాయి పుట్టిన యేడు పురిటి సాయమునకై మా తల్లిదండ్రులు వచ్చిరి. నాన్నగారు జీవితమంతయు అరుగుమీద కూర్చుండియే పొద్దుపొడుపును చూచినవారు. డిసెంబరు నాటికి ఆయన నోట మాట తగ్గినది. గరాజులో కాసేపు కూర్చుండుటకు వీలగునా యని ఒకనాడు బిడియముతో అడిగిరి. ఆనాటి నా జీతమునకు విద్యుచ్ఛక్తి ఖర్చు భారముగా తోచినది. మాంసము కాల్చుకొను ఇనుప పొయ్యి యొకటి పెరటిలో ఉండెను. బాలింత గదిలో కుంపటి పెట్టుట మన యిండ్ల ఆచారమే గదా యని తలచి, ఆ పొయ్యిలో బొగ్గులు రాజవేసి, పొగ పోయి నిప్పులు ఎఱ్ఱబారిన పిదప, ఇక భయము లేదను నమ్మకముతో దానిని గరాజులోనికి చేర్చి, పెద్దతలుపు దింపివేసితిని. పొగ లేని నిప్పు శుభ్రమైన నిప్పని ఆనాడు నేననుకొంటిని. ఆ భావము వలననే ఒక నిండుప్రాణము పోవలసినది.

అరగంటకు నాన్నగారు తలనొప్పి యనిరి. లేచి నిలుచుండబోయి తూలి పడిరి. ఆ సమయమున కాఫీ గ్లాసుతో మా అమ్మ తలుపు తీయకున్నచో, తీసి పెద్దతలుపు మీట నొక్కకున్నచో, ఈ లేఖను నేను వేరొక విధముగ వ్రాయవలసి వచ్చెడిది. ఆసుపత్రిలో ఆయనకు ముఖకవచముతో ప్రాణవాయువు నిచ్చిరి. గరాజుపై గదిలో నిదురించుచున్న పసిపాపను గూడ పరీక్షింపవలెనని వైద్యులు చెప్పినప్పుడు మాత్రమే, నేను చేసిన పని యెంత దూరము పోగలిగినదో నాకు బోధపడినది.

బొగ్గుగాని, పెట్రోలుగాని, గ్యాసుగాని చాలినంత గాలి లేకుండ మండినప్పుడు పుట్టు కార్బన్ మోనాక్సైడు అను వాయువునకు రంగు లేదు, వాసన లేదు, కంటిని మండించు గుణము లేదు. రక్తములోని హీమోగ్లోబిను ప్రాణవాయువును పట్టుకొనుటకంటె 200 రెట్లకు పైగా గట్టిగా దీనిని పట్టుకొనును. అందుచేత ఊపిరి ఆడుచుండగనే మనిషి ఊపిరి చాలక మరణించును. అమెరికా ప్రభుత్వపు వ్యాధినివారణ కేంద్రము వారి లెక్క ప్రకారము, అగ్నిప్రమాదములతో నిమిత్తము లేకుండ, ఏటేట 400 మందికి పైగా ఈ వాయువువలన ప్రమాదవశమున మరణించుచున్నారు. లక్షమందికి పైగా ఆసుపత్రుల అత్యవసరవిభాగములకు పోవుచున్నారు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను మంచుతుపాను ముంచెత్తి, దీపములు ఆరి, ఇండ్లు శీతలగృహములైనప్పుడు, బొగ్గుల పొయ్యిలను ఇంటిలోనికి తెచ్చుకొనియు, గరాజులో కారు ఇంజనును నడిపించియు, వేడికొరకు వెదకుకొనిన వందలకొలది కుటుంబములు ఈ విషవాయువు పాలైనవి. డాలస్‌లో, హ్యూస్టన్‌లో ఎందరు తెలుగువారున్నారో మీకు తెలియును. మన వంటయిండ్లలో కుంపటి ప్రమాదము కాకపోవుటకు కారణము మన నిప్పు గొప్పతనము కాదు. పెంకుల సందులును, మూయని కిటికీలును, దూలముల నడుమ నుండి పోవు గాలియును. ఆ గాలిని రానీయకుండ బిగించి కట్టిన ఇంటిలో ఆ కుంపటియే మృత్యువు.

ఆ సంఘటన జరిగిన వారమునకు, విద్యుత్తు పనిలో ముప్పదియేండ్లు గడపి విశ్రాంతి తీసికొనుచున్న మా పొరుగింటి పెద్దమనిషి, ఒక కొలబద్దతోను పెన్సిలుతోను వచ్చి మా గరాజును కొలిచెను. ఆ సాయంకాలము ఆయన నేర్పిన పాఠమే ఈ లేఖకు మూలము: వేడిని కొనుటకు ముందు ఉన్న వేడిని నిలుపుకొనుము. ఆయన చేసిన లెక్కను మీముందుంచుచున్నాను. రెండు కార్లు పట్టు గరాజునకు సాధారణముగ 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు గల పెద్దతలుపుండును. దాని వైశాల్యము 112 చదరపు అడుగులు. ఒంటి పొర ఇనుపరేకు తలుపు వేడిని అడ్డుకొను శక్తి, ఇచ్చటివారు ఆర్-విలువ యని పిలుచు కొలతలో, సుమారు 1 మాత్రమే. వెలుపల ఫారన్‌హీట్ సున్న డిగ్రీలుండగా, లోపల 50 డిగ్రీలు ఉండవలెనన్నచో, ఆ ఒక్క తలుపుగుండనే గంటకు 5,600 బీటీయూల (ఇచ్చట వేడిని కొలుచు ప్రమాణము) వేడి బయటికి పోవును. దుకాణములో దొరకు 1,500 వాట్ల హీటరు, ముప్పది డాలర్లదైనను మూడువందల డాలర్లదైనను, ఇచ్చు వేడి గంటకు సుమారు 5,100 బీటీయూలు. అనగా మనము కొనిన హీటరు గదిని కాచుట లేదు. ఆ తలుపునకు సైతము చాలుట లేదు. అదే తలుపునకు లోపలి వైపున ఆర్-విలువ 8 గల పలకలను అమర్చినచో, లెక్కకు ఆ నష్టము 700 బీటీయూల లోపునకు దిగును. అంచులలో పోవునది కొంత కలుపుకొన్నను, ఒక్కసారి పెట్టిన ఆ ఖర్చు ప్రతి శీతకాలమునను హీటరుకంటె ఎక్కువ పని చేయును.

తలుపుకంటె ముందు సందులను చూడవలెను. పెద్దతలుపు క్రింద అరంగుళము ఖాళీ ఉన్నదనుకొనుడు. 16 అడుగుల పొడవున అది 96 చదరపు అంగుళములు, అనగా 12 అంగుళముల పొడవు, 8 అంగుళముల వెడల్పు గల కిటికీని శీతకాలమంతయు తెరచియుంచినట్లే. ఈ సందులను పట్టుటకు మన దేవుని గూటిలోని అగరువత్తి చాలును. గాలి బాగుగ వీచు దినమున, పెట్రోలు డబ్బాలను ముందుగా బయటికి చేర్చి, వెలిగించిన వత్తిని తలుపు అంచులవెంట, గోడ నేలను కలియు చోటులవెంట, తీగలును గొట్టములును గోడలో దూరు రంధ్రములవెంట మెల్లగ నడిపించినచో, పొగ నిలువుగ లేచిన చోట గోడ గట్టిగా ఉన్నట్లు, పక్కకు వంగిన చోట సందున్నట్లు తెలియును. అడుగున మెత్తని రబ్బరుపట్టీ, ప్రక్కలను పైనను ఒత్తుకొనియుండు పట్టీలు, పగుళ్లలో గట్టిపడు జిగురు: వీటికన్నిటికిని కలిపి ఒక కుటుంబము హోటలులో ఒకపూట తిను భోజనపు ఖర్చుకంటె మిక్కిలి ఎక్కువ కాదు. ఇంటికిని గరాజునకును నడుమనున్న గోడ సందులను పూడ్చుట మరింత ముఖ్యము. శీతకాలములో ఇంటిలోని వెచ్చని గాలి పైకెగసి పోవుచు, దిగువనుండి గరాజులోని గాలిని దానిలోని ఇంధనపు ఆవిరులతో సహా లోనికి పీల్చుకొనును.

ఆ పిమ్మట పైకప్పు. వేడిగాలి పైకి పోవుననుట బాలురెరిగిన విషయమే. అయినను గోడలకు దుప్పటి కప్పి నెత్తిని దిగంబరముగ విడుచువారే ఎక్కువ. జిప్సం పలకలతో కప్పు వేసియున్న గరాజులలో, పాతవార్తాపత్రికలను పొడిచేసి మంటనంటనీయని మందు కలిపిన దూదివంటి పదార్థమును అటకమీద పోయించుట చౌకైన మార్గము. తగినన్ని బస్తాలు కొనినవారికి దానిని ఊదు యంత్రమును ఆనాటికి ఉచితముగ ఇచ్చు దుకాణములు పెక్కు కలవు. ఇందు రెండు జాగ్రత్తలు మరువరాదు. నురగపలకలు నిప్పంటుకొన్నచో విషధూమముతో మండును గావున, గోడలకును కప్పునకును వాటిని పెట్టినచో వాటిపై జిప్సం పలకలు కప్పియే తీరవలెను. తలుపునకై, బయటికి కనబడునట్లు ఉంచుటకు అనుమతింపబడిన రకములనే కొనవలెను. మరియు, పెద్దతలుపునకు బరువు పెరిగినచో దానిని మోయు స్ప్రింగులను సవరింపవలసివచ్చును. బిగించి చుట్టిన ఆ ఇనుపతీగలు చేతులను విరువగలవు గనుక ఆ పనిని పనివానికే విడువవలెను.

ఇంత చేసిన పిదప మాత్రమే హీటరు మాట. ఒక్కరికి అన్నము వండుకొనవలసినవాడు పెండ్లి అండాను పొయ్యిమీద పెట్టడు. అట్లే కూర్చుండునది ఒక్కరో ఇద్దరో అయినప్పుడు గదినంతయు కాచనక్కరలేదు, మనిషిని కాచిన చాలును. కుర్చీ చుట్టును బరువైన తెరను వ్రేలాడదీసి, కాళ్లక్రింద చల్లని కాంక్రీటు తగులకుండ మందమైన రబ్బరు చాపను పరచి, గాలిని కాక మనిషినే కాచు కిరణముల హీటరును మూడడుగుల దూరమున నిలిపినచో, గది 50 డిగ్రీలే ఉన్నను మనిషికి ఎండలో కూర్చున్నట్లుండును. 1,500 వాట్ల హీటరు దినమునకు నాలుగు గంటలు వెలిగినచో ఆరు యూనిట్లు. యూనిటుకు 15 సెంట్ల లెక్కన 90 సెంట్లు, నెలకు 27 డాలర్లు. అది నేరుగా గోడలోని ప్లగ్గునకే తగిలింపబడవలెను. ఎక్స్‌టెన్షను తీగలును, వరుస ప్లగ్గుల పట్టీలును ఆ భారమునకు కరగి అంటుకొన్న సందర్భములు లెక్కలేనన్ని. పడిపోయినప్పుడు తనంతట ఆరిపోవు ఏర్పాటు లేని హీటరును కొననేవలదు.

ఆ గదిలో ప్రతిదినము పనిచేసికొనువారికి, నాట్యము నేర్పువారికి, అంతకుమించిన సాధనములు కావలెను. 240 వోల్టుల హీటరు మూడింతలకు పైగా వేడి నీయగలదు. కాని దానికి ప్రత్యేకమైన తీగను లైసెన్సుగల పనివానిచేత వేయించుకొనవలెను. బయటి గాలినే పీల్చి, పొగను బయటికే విడుచు గ్యాసు హీటరు క్షేమమైనది. పొగగొట్టము లేని ప్రొపేను హీటరు అట్టిది కాదు. విషవాయుభయము అటుంచి, ఒక పౌను ప్రొపేను మండినచో పౌనున్నరకు పైగా నీటియావిరి పుట్టి, చల్లని గోడలమీద చెమ్మయై, పనిముట్లకు త్రుప్పును, కప్పునకు బూజును తెచ్చును. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనదై నేలబారున ప్రాకును. అందుచేతనే మంటగాని రవ్వగాని పుట్టు యంత్రములను నేలకు 18 అంగుళములకు పైననే అమర్చవలెనని ఇచ్చటి కట్టడపు నియమములు విధించుచున్నవి. హీట్‌పంపు అను యంత్రము బయటి చల్లని గాలిలోని వేడినే లోనికి తోడి, ఒక పాలు విద్యుత్తునకు రెండు మూడు పాళ్ల వేడి నిచ్చును. మొదటి ఖర్చు వేలలో ఉండును గాని, నిత్యము వాడువారికి కాలక్రమమున అదియే చౌక కావచ్చును. ఇక పూలకుండీని బోర్లించి దానిక్రింద కొవ్వొత్తులు వెలిగించినచో గది కాగునను మాట మన బంధువుల నడుమ తఱచు వినవచ్చుచున్నది. చిన్న కొవ్వొత్తి యొకటి ముప్పది నలుబది వాట్ల వేడి నిచ్చును. కుండీ దానిని పెంచజాలదు. ఒక చిన్న హీటరుకు సరిపోవలెనన్నచో నలుబది జ్వాలలు కావలెను. అన్నిటికంటె సులువుగ తోచు మార్గము, ఇంటి తలుపు తెరచి ఇంటివేడిని గరాజునకు విడుచుట. ఆ తలుపు మంటను కొంతసేపైనను ఆపుటకు, విషవాయువును వారించుటకు పెట్టినది. దానిని తెరచియుంచుట కోటగుమ్మమును తెరచి నిదురించుటయే.

మహాశయులారా, ఈ విషయములలో క్రొత్తది ఏదియు లేదు. మీ సభ్యులలో ఉష్ణప్రసారశాస్త్రము చదివినవారు, విద్యుచ్ఛాస్త్రము బోధించినవారు, ఆసుపత్రులలో ఈ విషమునకు చికిత్స చేయువారు వందలకొలది కలరు. తెలిసినవారును, తెలియక బొగ్గులు రాజవేయువారును ఒకే వేదిక ముందు వరుసగ కూర్చుండి నాట్యము చూచి వెడలిపోవుచున్నారు. వారి నడుమ ఒక మాట జరుగుట లేదు. ఆ మాట జరిపింపుడని నా ప్రార్థన. ప్రతి నగరమునను అక్టోబరు చివర ఒక శనివారమున, ఎవరైన ఒక సభ్యుని గరాజులోనే, ఇరువదిమందిని పిలిచి, అగరువత్తితో సందులను పట్టుట, పట్టీలను అంటించుట చేతులతో చేసి చూపింపుడు. ఇంగ్లీషు రాని తాతలకును అమ్మమ్మలకును అర్థమగునట్లు, పెద్ద అక్షరములతో తెలుగులో ఒక్క పుటను అచ్చువేయింపుడు: మూసిన గరాజులో కారు నడుపరాదు, బొగ్గు కాల్చరాదు, తలనొప్పియు వికారమును తోచినచో వెంటనే బయటికి వచ్చి 911కు ఫోను చేయవలెను. క్రొత్తగా వచ్చిన కుటుంబమునకు ఇల్లు చూపించు మిత్రుడు ఆ పుటను గూడ చేతిలో పెట్టునట్లు ఏర్పాటు చేయుడు.

మరియొక్క కోరిక. కార్బన్ మోనాక్సైడును పసికట్టి మ్రోగు చిన్న యంత్రము ఇరువది ముప్పది డాలర్లకు దొరకును. పడకగదులకు పది అడుగుల లోపున అది ఉండవలెనని మిన్నెసోటా చట్టము శాసించుచున్నది. అయినను, పాతబడి మూగవోయిన యంత్రములు గోడలమీద అలంకారములై యున్న యిండ్లను నేను చూచితిని. దీపావళి సభలో ఆ యేడు ఊరినుండి వచ్చిన పెద్దలను వేదికపైకి పిలిచి శాలువ కప్పుట మన సంప్రదాయముగ స్థిరపడినది. ఆ శాలువతోను తాంబూలముతోను ఆ యంత్రమును గూడ వారి చేతిలో పెట్టుడు. శాలువ వారి భుజములను వెచ్చగా ఉంచును. ఆ యంత్రము మ్రోగిననాడు వారి ప్రాణమును కాపాడును.

మా నాన్నగారు ఆ తరువాత మూడు శీతకాలములు మావద్ద గడపిరి. సందులు పూడ్చి, తలుపునకు పలకలు వేసి, తెరకట్టిన ఆ మూలలో, కాళ్లకు కిరణముల హీటరు తగులుచుండగా, గోడకు మేము క్రొత్తగ తెరపించిన చిన్న కిటికీగుండ మంచుపడు వీథిని చూచుచు, ఉదయము పది మొదలు రెండు వరకు కూర్చుండెడివారు. పొరుగింటి పెద్దమనిషి దినమైనను విడువక వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుండెడివాడు. ఒకరి భాష ఒకరికి పూర్తిగ రాదు. అయినను ఇద్దరును ఆనాటి చలి యెంతయో వ్రేళ్లతో చెప్పుకొనెడివారు. దినమునకు 90 సెంట్ల విద్యుత్తుతో మా యింటికి అరుగు దక్కినది. ప్రతి తెలుగింటికి అది దక్కునట్లు చూచుట మీచేతిలోని పని.

ఇట్లు,
భవదీయుడు,
మిన్నెసోటాలోని ఒక తెలుగు గృహస్థు.